పద్నాలుగు మంది

“ఈ పరిశోధన ఎంతమంది మీద చేశారన్నావు?” సంపాదకుడు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని అడిగాడు.

“పద్నాలుగు మంది సార్.”

“ఆ సంగతి శీర్షికలో ఎందుకయ్యా? లోపలెక్కడో ఓ మూల పెట్టు.”

విలేకరి కదల్లేదు. ఆరోగ్యం పేజీ అతనిది. తొమ్మిదేళ్లుగా ఆ పేజీలో ఏదో ఒక తొక్కో, గింజో, ఆకో ఏదో ఒక రోగాన్ని తరిమికొడుతూనే ఉంది. ఆఫీసులో అతన్ని అసలు పేరుతో పిలవడం ఎప్పుడో మానేశారు. ‘చిట్కా’ అంటే చాలు, పలికేవాడు. ఆ పిలుపులో తప్పేమీ ఉన్నట్టు అతనికి మొన్నటిదాకా తోచలేదు.

ఈమధ్యే పిన్ని ఆసుపత్రి పాలైంది. కన్నతల్లి పోయాక అతన్ని పెంచిన మనిషి. బీపీ ఒక్కసారిగా అంత ఎందుకు పెరిగిందో డాక్టర్లకు అంతుబట్టలేదు. ఎవరెంత అడిగినా నోరు విప్పని పిన్ని, అతను వచ్చాక దిండు కింద నుంచి మడతపెట్టిన కాగితం ముక్క తీసి చూపించింది. ‘నిమ్మతొక్కతో బీపీకి చెక్’. మూడు వారాలుగా మాత్రలు మానేసి తొక్కలు నములుతోందట.

“నువ్వు రాసిందే కదరా,” అంది, తనే అతన్ని ఓదారుస్తున్నట్టు.

అది ఎలుకల మీద జరిగిన పరిశోధన. ఆ ముక్క రాయడానికి చోటు చాలలేదని అప్పట్లో వదిలేశాడు.

అందుకే, వైద్య పరిశోధనల గురించి ఎలా రాయాలో విలేకరులకు రెండు రోజులు శిక్షణ ఇస్తున్నారని తెలియగానే, ఎవరూ పంపకుండానే సెలవు పెట్టి వెళ్లాడు. పాఠం చెప్పింది ఒక రిటైర్డ్ డాక్టరమ్మ. ఎలుకలా, మనుషులా? ఎంతమంది? ఎన్నాళ్లు? ఖర్చెవరిది? ఆ పరిశోధనతో సంబంధంలేని నిపుణులు ఏమంటున్నారు? ఇవి అడక్కుండా కలం ముట్టుకోవద్దని ఆవిడ కచ్చితంగా చెప్పింది. రెండో రోజు అందరికీ ఒకే పరిశోధన పత్రం ఇచ్చి, ఇందులో లొసుగులు పట్టమంది. రోజూ అరగంట వెనక్కి నడిస్తే మతిమరుపు సగానికి తగ్గుతుందని ఆ పత్రంలో ఉంది. అందరికంటే ఎక్కువ లొసుగులు పట్టింది చిట్కానే. డాక్టరమ్మ భుజం తట్టింది. పేజీ ఖాళీగా పడి ఉందని సంపాదకుడు ఫోను మీద ఫోను చేస్తుంటే ఉండబట్టలేక, తరగతి ముగియడానికి అరగంట ముందే లేచి వచ్చేశాడు.

ఆ పత్రాన్ని మాత్రం వదల్లేదు. రేపో మాపో ఇంకో పత్రిక దాన్ని ఎత్తుకుంటుంది, జనం వీధుల్లో వెనక్కి నడిచి నడుములు విరగ్గొట్టుకుంటారు. ఈలోగా తనే జాగ్రత్తగా రాసి నలుగురినీ హెచ్చరించాలనుకున్నాడు. నాలుగు రోజులు దాని మీదే కూర్చున్నాడు. పరిశోధకులకు రెండుసార్లు మెయిల్ పెడితే జవాబు లేదు. ‘పరిశోధకులు స్పందించలేదు’ అని ఉన్నదున్నట్టు రాశాడు. నరాల డాక్టరు ఒకాయన్ను కలిస్తే, పత్రం అటూ ఇటూ తిప్పి, అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు అన్నాడు. అదీ రాశాడు. ఖర్చు భరించింది ఒక చెప్పుల కంపెనీ అని కూడా రాశాడు.

ఆ కంపెనీ మాటే సంపాదకుడికి గొంతులో ముల్లులా అడ్డుపడింది. రేపు ప్రకటన ఇచ్చేవాళ్లను ఇవాళ నొప్పించడం దేనికన్నాడు. ‘వెనక్కి నడు, మతిమరుపును తరుము’ అని శీర్షిక పెడదామన్నాడు. సగానికి తగ్గిందన్న ముక్క పెద్దక్షరాల్లో ఉండాలన్నాడు.

చిట్కా ఓపిగ్గా విడమరిచాడు. పద్నాలుగు మందిలో మతిమరుపు ఉన్నది నలుగురికి, తగ్గింది ఇద్దరికి. అదైనా ఎవరూ పరీక్షించి చూసింది కాదు, తమకు గుర్తున్నంతలో ఆ ఇద్దరూ చెప్పుకున్నది.

“ఇట్లా రాస్తే ఎవరు చదువుతారయ్యా?”

“మా పిన్ని చదువుతుంది సార్. చదివి నమ్ముతుంది.” గొంతు తగ్గించి అన్నాడు. “ఒక్క అక్షరం మార్చినా రేపట్నుంచి నేను రాను.”

సంపాదకుడు అతన్ని ఎగాదిగా చూశాడు. వచ్చేవారం ఆ పేజీ ఎవరు నింపుతారో ఆలోచించుకున్నట్టున్నాడు, సంతకం పెట్టేశాడు.

తెల్లారేసరికి పేపర్లో వచ్చింది. ‘వెనక్కి నడిస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందా? పద్నాలుగు మందిని చూసి నమ్మలేం.’ ఎక్కడా అక్షరం పోలేదు. పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి, మొత్తం చదివానని, మాత్ర వేసుకున్నానని, ముందుకే నడుస్తున్నానని చెప్పింది. అతనికి కళ్లు చెమర్చాయి. ఆఫీసులో మెట్లెక్కుతుంటే ఎవరో అసలు పేరుతో పిలిచారు. తననే అని తెలుసుకోవడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.

ఆ సంతోషంలోనే డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. చదివానందావిడ. అంకెలు సరిగ్గా ఉన్నాయి, కంపెనీ సంగతి దాచలేదు, శీర్షికలో డప్పు కొట్టలేదు, వంక పెట్టడానికి ఒక్క వాక్యం దొరకలేదంది.

“ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆఖరి అరగంట నువ్వు తరగతిలో లేవు కదూ?” అందావిడ.

లేనని, ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లని, వదిలేసి రాక తప్పలేదని చెప్పుకున్నాడు.

ఆ అరగంటలో మిగతావాళ్లకు చెప్పిందే ఆవిడ అతనికీ చెప్పింది.

“ఆ పరిశోధన నేనే కల్పించాను, బాబూ.”