వాల్వు తిప్పాక

“నా వంటింట్లోకి ఆ గ్యాసు పైపు వస్తే నేనీ ఇంట్లో ఉండను,” అంది గంగరత్నం.

“పో అత్తా, ఎవరాపారు?” అంది కోడలు ప్రసన్న. “కావాలనే పాడైన చేపలు వండి నా బిడ్డకి వాంతులు తెప్పించావు. ఇక ఈ పొయ్యి నాది.”

“పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ రేపల్లె మార్కెట్లో చేపలమ్ముతున్నా. ఏ చేప పాడైందో నాకు తెలీదటే?”

గ్యాసు కంపెనీ అతను పైపు బిగించడం ముగించి కిటికీ తెరిచాడు. “కాస్త గ్యాసు వదులుతానండి. ఈ వాసన గుర్తుపెట్టుకోండి. ఎప్పుడొచ్చినా వాల్వు కట్టేసి మాకు ఫోన్ చెయ్యాలి. పెద్దమ్మా, మీరూ చూడండి.”

గంగరత్నం విసురుగా పైపు మీదకి వంగింది.

కుళ్ళిన గుడ్ల కంపు గుప్పుమంది. ప్రసన్న కొంగుతో ముక్కు మూసుకుంది.

“ఊఁ, తిప్పవయ్యా. ఎంతసేపు?” అంది గంగరత్నం, వంగినచోటే నిలబడి.

అతను తెల్లబోయి వాల్వు కట్టేశాడు. “ఇందాకే తిప్పానమ్మా.”

ప్రసన్న కొంగు దించింది. “వాసన తెలీకుండా ఎప్పట్నుంచత్తా?”

“నాకు కరోనా వచ్చి తగ్గిన కాణ్ణించి. మార్కెట్లో ఎవరి దగ్గరైనా నోరు జారావో, నీ నాలుక కోస్తా.”

“కోద్దువులే. రేపు హార్బరుకి నేనూ వస్తా. బేరం నువ్వు చెయ్యి, చేపని నేను వాసన చూస్తా.”