మూడు వందల మందిలో సున్నా

"మూడు వందల మంది మగోళ్లు పిల్లలు గాకుండ ఆపరేషన్ చేయించుకుంటే ఒక్కరికి గూడ ఫెయిల్ గాలేదని కాయిదం నువ్వే ఇస్తివి గద మేడం! మరి నేను గూడ చేయించుకున్నంక నా పెండ్లానికి కడుపెట్ల అయ్యింది?"

దబీర్‌పురా సందులో గడప మీద నిలబడి ఎల్లేష్ గొంతు చించుకున్నాడు. ఆ ఆపరేషన్ల సర్వే కోసం ఏటా ఇల్లిల్లూ తిరిగే సుగుణ ఒక్క అడుగు ముందుకు వేసింది. భార్య లలితను అతను వారం కిందటే వెళ్లగొట్టాడు.

"సున్నా అంటే ఎన్నడూ గాదని గాదన్నా. మూడు వందల మందిల కనబడకున్నా, నూటికి ఒకరి దాకా అయ్యే వీలుంటదని మా ఆఫీసు లెక్కల సారే చెప్పిండు. లలిత తప్పేం లేదు. నీ ఆపరేషనే ఫెయిలైందేమో, ఒక్కసారి వచ్చి టెస్టు చేయించుకో."

"బస్తీల నా ఇజ్జత్ పోయింది చాలదా? కాయిదం మీద సున్నా ఉంది. గంతకన్న సబూత్ ఏం గావాలె?"

తలుపు ధడాలున పడింది.

సుగుణ కళ్లు తుడుచుకుని ఫారం తీసింది. భార్య ఇంట్లో కనిపించకపోతే 'ఇల్లు మారారు' అన్న గడిలో టిక్కు పెట్టి, ఆ జంటను లెక్కలోంచి తీసేయడం వాళ్ల ఆఫీసు పద్ధతి. అలవాటైన చెయ్యి ఆ గడి మీదికే పోయి, ఆగిపోయింది.

మూడేళ్లలో అదే గడిలో ఆమె ఇరవై రెండు టిక్కులు పెట్టింది. ఆ ఇరవై రెండు జంటలనూ తీసేశాకే సున్నా తేలింది.

ఆ గుమ్మాల్లో ఒక్కచోటైనా, "మీ ఆమె ఎందుకు పోయింది?" అని తను అడగలేదు.