బుజ్జమ్మ డిజైన్

"తుడిపేయప్పా అంకయ్యా! అర్బాబ్ కారొచ్చె!" కిందనుంచి కేకేశాడు మేస్త్రీ ఖమరుద్దీన్.

తొంభై రెండులో, అరబ్బు దేశంలోని రుస్తాఖ్‌లో వీధులకు వీధులే లేస్తున్న రోజులవి. అలాంటి ఓ కొత్తింటి గుమ్మం పైన, పచ్చి సిమెంటు మీద, పెళ్లాం గుర్తొచ్చి తాపీ మొనతో "బుజ్జమ్మ" అని రాసుకున్నాడు అంకయ్య. తుడిపే లోపే అర్బాబ్, అంటే ఇంటి యజమాని, వచ్చేశాడు. తలెత్తి చాలాసేపు చూసి, అరబ్బీలో ఏదో అన్నాడు.

అంకయ్య పరంజా మీంచి మేస్త్రీ వైపు వంగాడు. "వీసా క్యాన్సిలా భాయ్?"

"కాదప్పా. ఈ పూల డిజైన్ భలే ఉండాదంట. అన్ని గుమ్మాలకీ ఏయమంటాండాడు. దీని పేరేమని అడుగుతాండాడు."

"ఇంకేం పేరు? బుజ్జమ్మే," అన్నాడు అంకయ్య సిగ్గుపడిపోతూ.

వారం తిరక్కుండానే పక్క ప్లాటు ఆసామి వచ్చి ఖమరుద్దీన్ చెయ్యి పట్టుకుని బతిమాలడం మొదలెట్టాడు.

"ఏంటంట భాయ్?"

"ఆయప్పకీ బుజ్జమ్మ కావాలంట."

అంకయ్య తాపీతో సహా పరంజా దిగొచ్చాడు.

"గోడ మీదైతే వీధి వీధంతా వేస్తానని చెప్పు భాయ్. అసలు బుజ్జమ్మ మాత్రం నాకొక్కడికే!"