గల్లీలో వాకబు

కారులో ఒకాయన దిగి వేణుగోపాల్ గుణగణాలు అడిగి పోయాడని పక్కింటి నాగమణమ్మ అన్నదట. పెళ్ళిపిల్ల తండ్రే అయివుంటాడని కూడా ఆవిడే తేల్చేసిందట. అందుకే మాదన్నపేట గల్లీ అంతా పోటీలు పడి పొగిడిందని, ఆ ముచ్చట సాయంత్రం చెల్లెలు స్వీటీ ఇంటికి మోసుకొచ్చింది.

వేణు ఎగిరి గంతేసినంత పని చేశాడు. వచ్చింది పిల్ల తండ్రి కాదు, జనం పైసలు షేర్లలో పెట్టే ఫండ్ కంపెనీ మనిషి. కోట్లు చేతికిచ్చే ముందు వాళ్ళు ఇంటి చుట్టుపక్కల అడిగి చూసుకుంటారు.

ఏడేళ్ళుగా వేణు ఒక షేర్ బ్రోకర్ ఆఫీసులో, ఏ షేర్లు కొనాలో రిపోర్టులు రాస్తున్నాడు. పాల కంపెనీల సంగతి అతన్నే అడగాలని ఆఫీసులో పేరు. వచ్చిన ప్రతి సంబంధమూ బంగారమే అనే పెళ్ళిళ్ళ పేరయ్య లాంటి పని అది. కాపురం చేసుకునేది ఇంకెవరో, పేరయ్యకేం ఫికర్? ఏడేళ్ళలో 'కొనండి' అనే తప్ప 'వద్దు' అని రాసిన పాపాన పోలేదు. రాస్తే ఆ కంపెనీవాళ్ళు మళ్ళీ మీటింగుకు పిలవరు.

ఫండ్‌లో ఉద్యోగమైతే తనే కొనాలి, తనే తాళి కట్టాలి. జీతం మాత్రం మూడింతలు. నాలుగు ఇంటర్వ్యూలు గట్టెక్కాడు. మిగిలింది ఈ వాకబే.

మూడోనాడు ఫోన్ వచ్చింది. అన్నీ బాగున్నాయట. కానీ అతని చేతిలో పైసలు పెట్టొద్దని ఇంటి దగ్గర ఒక్కరు మాత్రం గట్టిగా చెప్పారట. అందుకే ఉద్యోగం ఇవ్వలేరట. చెప్పినవాళ్ళ పేరు మాత్రం చెప్పరట.

వేణు గల్లీ మీద పడ్డాడు. నాగమణమ్మ పోచమ్మ తల్లి మీద ఒట్టేసింది. కిరాణా రామ్‌చందర్ అయితే ఎదురు నిష్ఠూరమాడాడు.

"నిన్ను పొగిడి పొగిడి నా నోరెండిపాయె భాయ్. ఆయన ఒక్క సోడా సుత కొనలే."

ఉసూరుమంటూ వేణు ఇల్లు చేరాడు. పాలమ్మి ఇద్దరు పిల్లలను చదివించిన తల్లి యశోద, వాకిట్లో కూర్చుని గిన్నెలోకి పాలు వడపోస్తున్నది.

"మనోళ్ళల్లనే ఎవరో నా కడుపు కొట్టిన్రమ్మా. గా మనిషెవరో దొరకాలె, అప్పుడు చెప్త."

యశోద తలెత్తలేదు.

"నేనే చెప్పిన బిడ్డా. నువ్వు కొనుమని రాసిన పాల కంపెనీ షేర్ల కోసం మూడు బర్రెలను అమ్మిన, గవి మునిగి ఏడాదాయె, కొట్టంల ఒక్కటే మిగిలిందని నీకింకా ఎరికనే లేదు."