మూడు పేర్లు తక్కువ

1978 జులై 11, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు బంగారుపాళ్యం దగ్గరి ఒక పల్లెలో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ధనంజయ నాయుడు ప్రాథమిక పాఠశాల హాజరు పట్టీ మూసి, ఈ బడి ఎత్తేయాల్సి వస్తుందని చెప్పాడు.

ఆయన ఆ ప్రాంతానికి బదిలీ అయి వచ్చి వారమే అయింది. బడికి ఉపాధ్యాయుడు ఒక్కడే. పేరు శాంతయ్య.

“ఇరవై మంది ఉండాల. పదిహేడే ఉండారు. బడిని బంగారుపాళ్యంలో కలిపేస్తారు. నిన్ను కుప్పం అవతల అడివిలో యాడో వేస్తారు.”

“ముగ్గురే కదా సార్ తక్కువ.”

“ఆ ముగ్గురూ ఈ ఊర్లోనే ఉండారు. వచ్చేటప్పుడు చూసినా. ఊరి చివర పెంకుటింటి వసారాలో కూర్చోనుండారు. బడి వేళప్పుడు ఇంటికాడ వాళ్లకేం పని?”

శాంతయ్య చేతిలోని సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. “వాళ్లు రారు సార్.”

“నువ్వు పోయి అడగలేదా?”

“రోజూ అడగతానే ఉండాను సార్.”

“రోజూనా?”

“ఒక్క పూట వదల్లేదు. వాళ్లమ్మ వినదు. పేర్లన్నా రాసుకుంటానంటే చెంబు విసిరింది.”

“మొగుడు లేడా?”

“ఉండాడు సార్. ఆ ఇంట్లో ఆయన మాట చెల్లదు.”

“పద, నేను మాట్లాడతా.”

“ఎండగా ఉండాది సార్. ఇంకోసారి వచ్చినప్పుడు…”

“పదప్పా.”

పెంకుటింటి వసారాలో ఒకామె వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ఎదురుగా ఒక అబ్బాయి, ఇద్దరు ఆడపిల్లలు పలకలతో కూర్చున్నారు. శాంతయ్య మెట్టు కిందే ఆగాడు.

“ఈయమ్మే సార్. సంతోషమ్మ.”

సంతోషమ్మ అతని వైపు ఒకసారి చూసింది. ఇన్‌స్పెక్టర్‌కు చాప వేసింది. పిల్లలు తలెత్తి చూసి మళ్లీ పలకల మీదికి వంగారు.

“పిల్లోళ్లు లెయ్యలేదే?”

“పాఠం అయ్యేదాకా ఎవరొచ్చినా లెయ్యకూడదు సార్. ఈడ అంతే.”

పొద్దున ఇన్‌స్పెక్టర్ బడిలో అడుగుపెట్టగానే పిల్లలు సగం మంది లేచి బయటికి పరుగెత్తారు. ఆయన ఆ విషయం ఎత్తలేదు.

“బడికి పంపవంట. ఎందుకమ్మా?”

“ఇంట్లోనే బడి ఉండాది గదా సార్.”

“ఇల్లు బడి అవతాదా?”

“బడి కంటే మేలు. ఈడ చెప్పేవాళ్లు నిద్రపోరు.”

శాంతయ్య దగ్గాడు.

“ఆడ నిద్రపోతారని ఎవురు చెప్పినారు?”

“ఒకరు చెప్పాల్నా? అయ్యవారు పొద్దున ఇస్త్రీ చొక్కాతో పోతాడు. సాయంత్రానికి వీపు నిండా గోడ సున్నం. నిలబడి పాఠం చెప్పేవాడికి వీపుకు సున్నం ఎట్ల అంటుకుంటాది సార్?”

ఇన్‌స్పెక్టర్ శాంతయ్యను వెనక్కి తిరగమన్నాడు. శాంతయ్య తిరిగాడు. సున్నం ఉంది.

“ఇంకా?”

“మధ్యాన్నం తిన్నాక పిల్లోళ్లతో కాళ్లు పిసికించుకుంటాడు. పదమూడో ఎక్కం ఆయనకే రాదు. సగం దాకా పోయి నిలబడిపోతాడు.”

“అది అబద్ధం సార్,” అన్నాడు శాంతయ్య.

“అయితే చెప్పమనండి.”

ఇన్‌స్పెక్టర్ శాంతయ్యను అడగలేదు. అబ్బాయిని అడిగాడు. అబ్బాయి పదమూడో ఎక్కం చివరిదాకా చెప్పాడు. అదే ఎక్కం అంతకుముందు బడిలో అడిగితే ఐదో తరగతి పిల్లవాడు, “సారు ఇంకా చెప్పలేదు సార్,” అన్నాడు. పెద్దపిల్ల బెల్లం పొట్లం కాగితం విప్పి, అందులోని వార్త ఆగకుండా చదివింది. చిన్నది తల్లి ఒలిచిన గింజలను పదేసి కుప్పలు పెట్టి మొత్తం చెప్పింది.

“ఎవురు నేర్పినారు?”

“నేనే సార్. ఎనిమిది దాకా చదివినా. కాయలు ఒలిచేటప్పుడు లెక్కలు, పొట్లం విప్పినప్పుడు తెలుగు. దెబ్బల్లేవు. కడుపుకు వేడన్నం. ఎవురి కాళ్లూ పిసికే పని లేదు.”

ఇన్‌స్పెక్టర్ శాంతయ్య వైపు వంగాడు. “చూసినావా? ఇట్లాంటి భార్య దొరికిందంటే ఆ మొగుడు ఏం పుణ్యం చేసినాడో.”

“అవున్సార్.”

“పుణ్యం ఆయన చేసినాడు సార్,” అంది సంతోషమ్మ. “పాపం నేను చేసినా.”

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. “అమ్మా, నీ పిల్లోళ్లకు ఏం తక్కువ లేదు. ఒప్పుకుంటా. అయితే ఈ ముగ్గురి పేర్లు రాస్తే బడి నిలబడతాది. ఊర్లో మిగతా పదిహేడు మందికీ నీలాంటి తల్లి లేదు. రాయకపోతే బడి పోతాది, ఈ సారును అడివికి తోలేస్తారు.”

“తోలనీండి. ఆడ పడుకునేదానికి చల్లగా ఉంటాది.”

“నీతో కాదులే. పిల్లల నాయనతో మాట్లాడతా. ఆయన సరేనంటే ఇప్పుడే రాస్తా. ఆయన పేరేంది?”

సంతోషమ్మ కొంగు సర్దుకుని తల వంచింది. ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. మొగుడి పేరు పలకని ఆడవాళ్లు ఆయన ఇంట్లోనూ ఉన్నారు.

“పేరు వద్దు. మనిషి యాడుండాడో చెప్పు, నేనే పోతా.”

సంతోషమ్మ ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకుంది.

“సార్, మీ బస్సుకు టైమవతా ఉండాది,” అన్నాడు శాంతయ్య.

“బస్సు పోతే పోనీ. మీ ఊరి మొగోళ్లను చూడాల నేను.”

ఇన్‌స్పెక్టర్ చిన్నపిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

“పాపా, నువ్వు చెప్పు. మీ నాయన యాడుండాడు?”

పాప శాంతయ్యను చూపించింది.