సాయమ్మ ఏడున్నది?

"సాయమ్మ బాప్తిస్మం లేకుంట సచ్చిపోయింది, ఆమెకు పరలోకం లేదు. గింత ముచ్చటకు గన్ని కితాబులెందుకు అయ్యగారూ? కోడలికి లేదని చెప్పుండ్రి. రెండు దినాలు ఏడుస్తది, మూడోనాడు బాప్తిస్మం తీస్కుంటది," అన్నడు సంఘపెద్ద స్తెఫను.

నారాయణఖేడ్ పాస్టరు గిద్యోను కితాబులకెల్లి తల ఎత్తలె. "సదవకుంట ఎట్ల చెప్తనయ్యా? ఆమె మొఖం సూసినవా?"

ఆమె అంటే హన్మమ్మ. కందిచేన్లల్ల కూలి చేస్తది. ఆదివారం బాప్తిస్మానికి ఒప్పుకున్నది. గిద్యోను ఈ ఊరికొచ్చినంక అదే మొదటిది. కాని హన్మమ్మ ముందుగాల ఒక్క మాట తెల్వాలన్నది. పోయినేడు సచ్చిపోయిన తన అత్త సాయమ్మ పరలోకంల ఉన్నదా, లేదా?

"పదహారేండ్లు ఒక్క పొయ్యి కాడ ఉన్నమయ్యా," అని కొంగుతోని కండ్లు తుడ్సుకున్నది.

అత్త కోసం ఏడ్సే కోడలిని గిద్యోను కితాబులల్ల సుత సూడలె. గుండె కరిగిపోయింది.

బీదరు నుంచి మూడు ఎడ్లబండ్ల నిండ కితాబులు దిగినై. గ్రీకు, హీబ్రూ, ల్యాటిన్. గిద్యోను బువ్వ మరిచిండు. నెత్తి రుమాల్ల పిచ్చుక గుడ్లు పెట్టింది. పిల్లలు లేసి, ఎగిరి, కల్హేర్ దాక పోయొచ్చినై. ఆయనకు సోయి లేదు. పగటీలి కిటికిలకెల్లి పత్తిచేన్ల దూది తేలుకుంట వస్తుండె. గ్రీకు అక్షరాలు ఒక్కొక్కటి కాగితం మీదికెల్లి లేసి, దూదితోని కలిసి తేలుతుండె. వాటెన్క మొగులు మీద సాయమ్మ తెల్లచీర కట్టుకొని జొన్నరొట్టెలు కొడుతున్నట్టు ఆయనకు కానొచ్చింది.

శనివారం హన్మమ్మను పిలిపిచ్చిండు. ఆమె చేతుల కొడవలితోనే ఉరికొచ్చింది.

"దొరికిందమ్మా! సచ్చినోళ్లకు సుత సువార్త చెప్పిన్రని రాసున్నది. మూడు భాషలల్ల సూసిన. మీ అత్త పరలోకంలనే ఉన్నది!"

"పక్కానా అయ్యా?"

"పక్కా."

"రేపు నేను సచ్చిపోతె, ఆమె నాకు కలుస్తదా?"

"కలుసుడేంది! యుగయుగాలు పక్కపక్కనే ఉంటరు. ఇగ ఎవ్వరు ఇడదియ్యలేరు!" గిద్యోను కండ్లల్ల నీళ్లు తిరిగినై.

హన్మమ్మ కొడవలి నడుముకు చెక్కుకున్నది.

"గట్లయితె నాకు బాప్తిస్మం వద్దయ్యా. ఆమె లేని జాగ ఏదన్న ఉంటె చెప్పు, గాడికి పోత."