ఒడ్డెక్కిన పడవ

సలీనాస్ రేవులో కట్టేసిన ఎలాదియో పడవను తుఫాను ఎత్తి, పక్కనే ఉన్న అతని పెరట్లో పడేసింది. బీమా కంపెనీ మనిషి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది బాగుపడదండీ. పూర్తి నష్టం కింద డబ్బిచ్చేస్తాం, పడవ మేం తీసుకెళ్తాం."

ఎలాదియో సంతకానికి కలం అందుకున్నాడు. భార్య మిగ్దాలియా అడ్డొచ్చింది. "కొంత తగ్గించే ఇవ్వండి బాబూ. పడవ మాత్రం మాకుంచండి."

"అడుగున అంత బొక్క పడితే ఏం చేసుకుంటావే, కోళ్లు పెంచుతావా?" అన్నాడు ఎలాదియో.

"నా ఇష్టం. నువ్వు సంతకం పెట్టు."

మర్నాటి సాయంత్రం అతను నిచ్చెన వేసుకుని పడవెక్కి, చుక్కాని ముందు దిగులుగా కూర్చున్నాడు. కాసేపటికి నిచ్చెన కిర్రుమంది. కాఫీ, అరటికాయ వేపుడు పట్టుకుని మిగ్దాలియా మెల్లగా పైకొచ్చి, అతని పక్కన సర్దుకుని కూర్చుంది.

ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం అతను పిల్లల్ని ఎక్కించుకుని సముద్రం మీదికి వెళ్తుంటే, నీళ్లంటే హడలిపోయే ఆమె రేవులోనే నిలబడి చెయ్యూపేది. ఒక్కసారీ పడవెక్కలేదు.

"ఇక కదలదుగా?" అంది కిందికి తొంగి చూసి.

"కదలదు."

"అయితే పద, ఎక్కడికి తీసుకెళ్తావో తీసుకెళ్లు."